పొడుగు చేతుల కోటు

రెండు వందల రొట్టెలు కావాలని రహ్మత్ అన్న చెప్పినప్పుడు సలోమత్‌కు ముందు పిండి సంగతే తోచింది. ఎల్లుండి పొద్దున ఎనిమిదికల్లా అంటే పులిసిన పిండి రేపటికే సిద్ధంగా ఉండాలి. ఒక్క తొట్టె చాలదు. పత్తికట్టె ఇంకో రెండు మోపులు తెప్పించాలి. చేతిలోని ముద్దను పలక మీద గుండ్రంగా తడుతూనే ఆమె ఇవన్నీ అనుకుంటోంది.

రహ్మత్ వీధి కమిటీ పెద్ద. ఆ వీధిలో పెళ్ళికైనా చావుకైనా ఆయన సంతకం పడాల్సిందే. ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాల్సింది చెప్పి పోయే మనిషి, ఇవాళ పెరట్లోకి వచ్చి బల్ల మంచం మీద కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలికి తగిలించుకున్నాడు.

యూరప్ నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారట. మన దేశంలో ఖైదీలను ఎలా చూసుకుంటున్నారో చూసి, తమ సభలో చెబుతారట. వాళ్ళు బాగుందని చెబితే దేశానికి మంచి పేరు. ఆ మాటలన్నీ రహ్మత్ ఎవరో ఇచ్చిన కాగితం చదువుతున్నట్టు చెప్పాడు. చెప్పి, జేబులోంచి పాత పేపరులో చుట్టిన వస్తువు తీసి ఆమె ముందు పెట్టాడు. కొత్త రొట్టె అచ్చు, రొట్టె నడుమ మేకులతో పువ్వు గుద్దేది. పిడి మీద రంగు ఇంకా ఆరలేదు.

"నీ అచ్చు వద్దట చెల్లెమ్మా. ఇది వేయమన్నారు."

పిండి జల్లెడ పడుతున్న హోసియత్ తల ఎత్తింది. ఆమె సలోమత్ ఆడపడుచు. నోరు మూసుకోవడం ఆమెకు ఒంటికి పడని పని.

"అచ్చు కూడా సర్కారుదేనా అన్నా? ఇక పిండి పొంగాలన్నా అర్జీ పెట్టుకోవాలేమో."

రహ్మత్ ఆమె వైపు చూడలేదు. గొంతు తగ్గించి సలోమత్‌తోనే మాట్లాడాడు. జైల్లో ఉన్న ఆమె కొడుకు నోదిర్‌ను చూడనిస్తారట. ఎల్లుండే. ఆ అతిథుల ముందే, బల్ల దగ్గర కూర్చోబెట్టి, మధ్యలో అద్దం లేకుండా. అంతా సవ్యంగా జరిగితే స్వాతంత్ర్య దినానికి విడుదలయ్యేవాళ్ళ జాబితాలో అబ్బాయి పేరు కూడా ఎక్కుతుందట.

సలోమత్ చెయ్యి పిండి మీద ఆగిపోయింది. ఏడు నెలలుగా ఆమె నోదిర్‌ను చూడలేదు. బడి పిల్లలను పత్తి ఏరడానికి లారీ ఎక్కిస్తుంటే ఫోనులో వీడియో తీశాడని వాడిని పట్టుకుపోయారు. మొదట్లో నెలకోసారి చూడనిచ్చారు. తరువాత ఎప్పుడు వెళ్ళినా జైల్లో అంటురోగం ఉందనో, దొర లేడనో చెప్పి గేటు దగ్గరే తిప్పి పంపారు. ఆమె తెచ్చిన రొట్టెల మూట మాత్రం తీసుకునేవారు.

"సవ్యంగా అంటే?" అని అడిగింది.

"రేపు ఆఫీసుకు రా. వాళ్ళే చెబుతారు," అని రహ్మత్ లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "నా మాట విను చెల్లెమ్మా. అడిగినదానికే జవాబు చెప్పు. నాకూ పిల్లలున్నారు," అన్నాడు. ఆ చివరి మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియనట్టు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆఫీసులో, జైలు వ్యవహారాలు చూసే మేజర్ బోతిరోవ్ లేచి నిలబడి మరీ ఆమెకు కుర్చీ చూపించాడు. నలభై ఏళ్ళు ఉంటాయేమో. నున్నగా గీసిన గడ్డం, మెత్తని గొంతు. ఆమెను పిన్నీ అని పిలిచాడు. మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాడు. తనకు మోకాళ్ళ నొప్పులున్నాయని ఇతనికి ఎవరు చెప్పారా అనుకుంది సలోమత్.

దుబాసీ అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పేరు లోల. విశ్వవిద్యాలయంలో చదువు చెబుతుందట. ఆమె గోళ్ళు కొరుక్కుంటోంది.

రేపు ప్రశ్నలడగబోయే యూరప్ ఆవిడలా కూర్చోవడానికి సోబిర్ అనే గుమాస్తాను పిలిచారు. బొద్దు మీసాల మనిషి. కాలు మీద కాలు వేసుకుని కూర్చోమని మేజర్ చెబితే ఆ పొట్టకు అది కుదరలేదు. రెండుసార్లు ప్రయత్నించి, చేత్తో కాలు ఎత్తి పెట్టుకున్నాడు. లోల నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. మేజర్ కూడా నవ్వాడు. ఆ కాస్తసేపు గదిలో అందరూ మామూలు మనుషుల్లాగే ఉన్నారు.

"మీ అబ్బాయి ఎలా ఉన్నాడమ్మా?" అని సోబిర్ సన్నగొంతు పెట్టి అడిగాడు.

"ఏడు నెలలుగా నేను..." అని మొదలుపెట్టింది సలోమత్.

మేజర్ చెయ్యి ఎత్తాడు. కోపంగా కాదు. పిల్లకు అక్షరం దిద్దించినట్టు నిదానంగా చెప్పాడు. నా కొడుకు బాగున్నాడు. పని నేర్చుకుంటున్నాడు. సర్కారుకు కృతజ్ఞతలు. అంతే. ఆమె అంది. మళ్ళీ అనమన్నాడు. ఈసారి నేల చూడకుండా అనమన్నాడు. ఆరోసారికి ఆ మాటలు ఆమె నోట్లో ఊకలాగా అయిపోయాయి. ఏడవకూడదని, కొడుకును కౌగిలించుకోకూడదని, జైల్లో అది ఆరోగ్య నియమమని చెప్పాడు.

"మీరు చల్లగా ఉంటే వాడూ చల్లగా ఉంటాడు పిన్నీ," అని, బల్ల మీద ఉన్న ఒక కాగితాన్ని వేలితో కొంచెం ముందుకు తోశాడు. పేర్ల వరుస. ఆమెకు చదవడం వచ్చు గానీ అద్దాలు తెచ్చుకోలేదు. ఆమె ముందుకు వంగేలోపే అతను కాగితాన్ని మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు.

తెల్లవారుజామున తందూరు వెలిగించారు. పత్తికట్టె చిటపటలాడి మండింది. ముందు లోపలి గోడ నల్లబడింది. తరువాత మసి కాలిపోయి తెల్లగా తేలింది. అప్పుడు సలోమత్ నిప్పులను అడుగుకు సర్ది, గోడ మీద ఉప్పునీళ్ళు చిలకరించింది. హోసియత్ ముద్దలు పరిచి మధ్యలో కొత్త అచ్చు గుద్ది నల్ల జీలకర్ర చల్లుతుంటే, సలోమత్ ఒక్కొక్కటీ మెత్త మీద బోర్లించుకుని, నడుము దాకా తందూరులోకి వంగి గోడకు అంటించింది. అచ్చులో మేకులు దగ్గరగా ఉన్నాయి. పువ్వు సరిగా పడటంలేదని హోసియత్ సణిగింది.

"వాడికి మాట్లాడే వీలుంటే ఒక్కటి అడుగు," అంది హోసియత్, చేతి పని ఆపకుండా. "పళ్ళు ఎన్ని ఉన్నాయో అడుగు."

"వదినా."

"అదే, నవ్వమని చెప్పు. నవ్వితే మనమే లెక్కపెట్టుకుంటాం."

సలోమత్ మళ్ళీ తందూరులోకి వంగింది. రొట్టెలు ఎర్రగా పొంగగానే కొక్కెంతో ఊడదీసి గంపలోకి వేసింది. ఎనిమిదికి వ్యాను వచ్చింది. రొట్టెలను ఎవరు తింటారో చెప్పకుండానే డ్రైవరు గంపలు ఎక్కించుకుపోయాడు. గంట తరువాత ఆమె కోసం వేరే కారు వచ్చింది.

దారి పొడుగునా చెట్ల మొదళ్ళకు కొత్తగా సున్నం కొట్టి ఉంది. జైలు గేటు దగ్గర ఎప్పుడూ మూటలతో ఉండే ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళు నిలబడే చోట బంతిపూల కుండీలు పెట్టారు.

లోపల ఒక పొడుగు గదిలోకి తీసుకెళ్ళారు. గోడకు బేకరీ అని బోర్డు. బల్లల మీద వరసగా రొట్టెలు. సలోమత్ ఒకటి చూసింది. ఇంకొకటి చూసింది. నల్ల జీలకర్ర, దగ్గర దగ్గర మేకుల పువ్వు, అంచున తన బొటనవేలు నొక్కిన గుంట. ఖైదీలే చేసిన రొట్టెలని లోల ఎవరికో ఇంగ్లీషులో చెబుతోందని, పక్కనున్న ఫొటోగ్రాఫరు మాటల వల్ల ఆమెకు అర్థమైంది. మూల ఒక తందూరు కూడా ఉంది. ఆమె నడుస్తూ నడుస్తూ లోపలికి తొంగి చూసింది. మట్టి రంగు మట్టి రంగుగానే ఉంది. కొత్త తందూరును వాడేముందు పట్టించే నూనె కూడా దానికి ఇంకా పట్టించలేదు. అందులో ఒక్క పూట కూడా నిప్పు పడలేదు.

అతిథులు ఆరుగురు. వాళ్ళల్లో పెద్దావిడ పేరు కారిన్. పొడుగు మనిషి, కత్తిరించిన నెరసిన జుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు. ఆవిడ చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటూనే ఉంది. మేజర్ చెప్పినదానికల్లా తల ఊపుతోంది. ఊపి రాసుకుంటోంది. ఈవిడ అన్నీ నమ్మేస్తోంది అనుకుంది సలోమత్. అందులో తప్పేముంది, రొట్టెలు బాగానే ఉన్నాయిగా.

పక్క గదిలో గుడ్డ పరిచిన బల్ల. ఎండుద్రాక్ష, బాదం, కోసిన పుచ్చకాయ, టీ కుండ, మధ్యలో పళ్ళెం నిండా రొట్టెలు. ఆమెను ఒక పక్క కూర్చోబెట్టారు. ఎదురుగా అతిథులు. తరువాత కాపలావాడు నోదిర్‌ను తీసుకొచ్చాడు.

తెల్లకోటు వేశారు వాడికి. రొట్టెల పనివాళ్ళు వేసుకునే కోటే, కానీ రెండు సైజులు పెద్దది. చేతులు వేళ్ళు దాటి కిందకు వేలాడుతున్నాయి. బుగ్గలు లోపలికి పోయాయి. అయినా తల దువ్వి ఉంది. వాడు బల్ల కొసన, ఆమెకు కనబడేలా కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సలాం అమ్మా."

"సలాం నాయనా."

ఆమె కౌగిలించుకోలేదు. ఏడవలేదు. వాడు కూడా ఎవరో దిద్దించిన మాటలే చెప్పాడు. ఇక్కడ రొట్టెల పని నేర్చుకుంటున్నానని, బయటకు వచ్చాక అది ఉపయోగపడుతుందని. ఏడేళ్ళ వయసులో తందూరు అంచున బోర్లా పడుకుని గోడకు రొట్టె అంటించిన పిల్లవాడు, పని నేర్చుకుంటున్నానని చెబుతుంటే ఆమె వాడి పళ్ళ వైపు చూసింది. పళ్ళన్నీ ఉన్నాయి. కాస్త ఊపిరి తీసుకుంది.

కారిన్ ఏదో అంది. రొట్టె అందంగా ఉందంటోందని లోల చెప్పింది. ఆవిడ పళ్ళెంలోంచి ఒకటి తీసి, పువ్వు చూసి, కింద ఎలా కాలిందో తిప్పి చూసి, మాట్లాడుతూనే గుడ్డ మీద పెట్టింది. బోర్లా పెట్టింది.

నాలుగు చేతులు ఒక్కసారి కదిలాయి. మేజర్‌ది, లోలది, గోడ దగ్గర నిలబడ్డ కాపలావాడిది, సలోమత్‌ది. ఆ దేశంలో బోర్లా పడిన రొట్టెను ఎవరూ అలా ఉండనివ్వరు. తాగి పడిపోయినవాడు కూడా చెయ్యి చాచి వెల్లకిలా తిప్పుతాడు. అది ఆలోచించి చేసే పని కాదు. మేజర్ చెయ్యే ముందు అందింది. నవ్వుతూ తిప్పి పెట్టాడు. లోల సంగతి చెబితే కారిన్ గుండె మీద చెయ్యి వేసుకుని క్షమించమంది. అందరూ నవ్వారు.

సలోమత్ నవ్వలేదు. ఆ రొట్టె నోదిర్‌కు జానెడు దూరంలో ఉంది. అందరికంటే దగ్గర వాడే. వాడి భుజం ఎగరడం ఆమె చూసింది. మోచెయ్యి బల్ల అంచు దాకా వచ్చి ఆగిపోవడం చూసింది. చెయ్యి మాత్రం ఒళ్ళోంచి పైకి రాలేదు. వాడు ఆమె కళ్ళలోకి ఒక్క క్షణం చూసి, తల దించుకున్నాడు.

ఆమె ఆ తెల్లకోటు చేతుల వైపు చూసింది.

కారిన్ కళ్ళద్దాలు పెట్టుకుని ఆమె వైపు తిరిగింది. లోల గొంతు సవరించుకుంది.

"మీ అబ్బాయి ఎలా ఉన్నాడని అడుగుతున్నారు పిన్నీ."

సోబిర్ అడిగిన ప్రశ్నే. జవాబు నోట్లో సిద్ధంగా ఉంది. మేజర్ కుర్చీలో వెనక్కి వాలి ఎండుద్రాక్ష ఏరుకుంటున్నాడు. మూడు ముక్కలు చెబితే అయిపోతుంది. పేర్ల జాబితా ఉంది. నెలన్నరలో వాడు ఇంటికి రావచ్చు. చెప్పకపోతే వీళ్ళు కార్లెక్కి వెళ్ళిపోతారు, వాడు ఇక్కడే ఉంటాడు, ఈ మనిషీ ఇక్కడే ఉంటాడు. ఆమెకు ఇదంతా తెలుసు. అయితే ఆ జాబితాలో నోదిర్ పేరు తాను చదవలేదన్న సంగతి కూడా ఇప్పుడే గుర్తొచ్చింది. రొట్టె కూడా తిప్పలేని ఈ చేతులను వాళ్ళు వీధిలోకి పంపుతారా? ప్రతి ఇంట్లో రొట్టె ఉన్న వీధిలోకి?

"పిన్నీ," అంది లోల మెల్లగా.

సలోమత్ కొడుకుతో మాట్లాడింది.

"నోదిర్, ఆవిడ దూరం నుంచి వచ్చింది. రొట్టె నీ చేత్తో ఇవ్వు నాయనా." కాస్త ఆగింది. "నీకిష్టమైతేనే."

మేజర్ నోట్లో ద్రాక్ష నమలడం ఆపాడు. టైము అయిపోతోందన్నాడు. గవర్నరు గారి విందు ఉందన్నాడు. కానీ లోల అప్పటికే ఇంగ్లీషులో చెప్పేసింది. కారిన్ సంతోషంగా రెండు చేతులూ చాచింది. ఫొటోగ్రాఫరు ముందుకు వచ్చి మోకాలి మీద కూర్చున్నాడు.

నోదిర్ తల్లి వైపు చాలాసేపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. చాలనీ అనలేదు, కానివ్వు అనీ అనలేదు.

వాడు మోచేతులు ఎత్తాడు. కోటు చేతులు వెనక్కి జారాయి. రెండు చేతుల వేళ్ళూ లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి, ఎండిన మిరపకాయల్లా. కుడిచేతికి మూడు గోళ్ళు లేవు. మణికట్ల చుట్టూ నల్లటి గీత, తాడు కట్టి వేలాడదీసిన చోట పడినట్టు. వేళ్ళు పనిచేయవు గనుక వాడు రెండు మణికట్ల మధ్య రొట్టెను ఇరికించి ఎత్తాడు. అది వణుకుతూ బల్ల దాటింది. కారిన్ అందుకుంది. అందుకున్న తరువాత కూడా ఆవిడ చేతులు అక్కడే ఉన్నాయి.

కెమెరా చప్పుడు ఆగిపోయింది.

"తందూరులో కాల్చుకున్నాడు," అన్నాడు మేజర్. గొంతు అంతే మెత్తగా ఉంది. "కొత్త పనివాడు. జాగ్రత్త తక్కువ. డాక్టరు చూస్తున్నాడు." లోల తర్జుమా చేసింది. కారిన్ రొట్టె వైపు చూసి, వేళ్ళ వైపు చూసి, నెమ్మదిగా తల ఊపింది. ఇందాకటి నుంచి అన్నిటికీ ఊపినట్టే ఊపింది. పెన్ను తీసింది.

సలోమత్‌కు ఆ పెన్నే కనబడింది. ఇది కూడా రాసుకుంటుంది. తందూరులో కాలిందని రాసుకుంటుంది.

ఆమె కుడిచేతి గుండీ విప్పింది. కొత్త గౌను గుండీ, బిగుతుగా ఉంది, పంటితో లాగాల్సి వచ్చింది. గౌను చెయ్యి మోచేతి పైదాకా మడిచి, ఎండుద్రాక్ష పళ్ళెం పక్కకు జరిపి, బల్ల మీద చాపింది. మోచేతి నుంచి మణికట్టు దాకా వెలుపలి వైపంతా మచ్చలు. పాతవి తెల్లగా, తరువాతివి గోధుమరంగుగా, పొద్దున పడినది ఇంకా ఎర్రగా. వెంట్రుక ఒక్కటి లేదు. తరువాత చెయ్యి వెల్లకిలా తిప్పింది. అరచెయ్యి శుభ్రంగా ఉంది. అయిదు వేళ్ళూ మూసి, తెరిచి, మళ్ళీ మూసింది. గోళ్ళ సందుల్లో పిండి ఉంది.

"ముప్పై ఎనిమిదేళ్ళ పని ఇది," అంది లోలతో. "తందూరు కాల్చేది ఇక్కడ. దాని నోటి అంచు తగిలే చోట. తందూరు గోళ్ళు ఊడదీయదు. మణికట్టుకు తాడు కట్టదు. ఆవిడకు చెప్పమ్మా."

"కృతజ్ఞతలు చెబుతోందని చెప్పు," అన్నాడు మేజర్ లోలతో, వాళ్ళ భాషలోనే, నవ్వు చెదరకుండా.

లోల ఇద్దరి వైపూ చూసింది. తరువాత బల్ల మీది గుడ్డ అంచును చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది. సలోమత్‌కు ఆ భాష రాదు. కానీ తందూరు అన్న మాట ఒకసారి వినిపించింది, మళ్ళీ వినిపించింది. లోల తన మణికట్టు చుట్టూ వేలితో గీత గీసి చూపించింది. కృతజ్ఞతలకు అంత సేపు పట్టదు.

కారిన్ తల ఊపలేదు. సలోమత్ చేతిని దగ్గరగా వంగి చూసింది, గుడ్డల దుకాణంలో నేత చూసినట్టు. తరువాత నోదిర్ చేతుల వైపు అంతే వంగి చూసింది. పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. పేరు అడిగింది. నోదిర్ తనే చెప్పాడు, తండ్రి పేరుతో సహా. ఒక్కో అక్షరం చెప్పించుకుని రాసుకుంది. ఆ తరువాత ఆవిడ అన్నది లోల గబగబా చెప్పింది. తమతో వచ్చిన డాక్టరు హోటల్లో ఉన్నాడు. ఆయన వచ్చి చూసేదాకా తను ఇక్కడి నుంచి కదలదట. అబ్బాయి కూడా తన కళ్ళముందే ఉండాలట.

మేజర్ గడియారం చూసుకున్నాడు. గవర్నరు గారు ఎదురుచూస్తున్నారని, డాక్టరును రేపు తప్పకుండా పిలిపిస్తామని చెప్పాడు. కారిన్ ఒంటి మీది కోటు విప్పి కుర్చీ వీపుకు తగిలించింది. ఆమెతో వచ్చిన మిగతా అయిదుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒక ముసలాయన తన వాచీ వైపు చూసి నిట్టూర్చాడు. అయినా లేవలేదు.

మేజర్ టీ కుండ తనే అందుకున్నాడు. కారిన్ ముందున్న గిన్నెను అంచుల దాకా నింపి, రెండు చేతులతో ఆమె ముందు పెట్టాడు. ఆవిడ నవ్వి కృతజ్ఞత చెప్పింది. ఎంత మర్యాద అనుకుని ఉంటుంది. ఆ దేశంలో గిన్నె నిండా టీ పోస్తే అతిథిని ఇక వెళ్ళమని అర్థం. ఉండమని కోరుకునేవాళ్ళకు రెండు గుక్కలే పోస్తారు, మళ్ళీ మళ్ళీ అడగాలని. కాపలావాడు నేల చూశాడు. లోల పెదవి కొరుక్కుంది.

సలోమత్ లేచింది. మోకాళ్ళు పట్టేశాయి. బల్ల చుట్టూ నడిచి వచ్చి, ఆవిడ పెదవుల దాకా వెళ్ళిన గిన్నెను మెల్లగా చేతిలోంచి తీసుకుంది. టీ అంతా తిరిగి కుండలోకి వంపింది. మేజర్ ఆమెకు మాత్రమే వినపడేలా, "ఆవిడ రేపు విమానం ఎక్కుతుంది పిన్నీ," అన్నాడు.

"ఎక్కనీ," అంది సలోమత్. "ఇవాళైతే ఇంకా ఉంది."

గిన్నె అడుగున రెండు గుక్కలు పోసి, ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకుని, కుడిచేత్తో అందించింది. కారిన్ తాగింది. గిన్నె ఖాళీ అయింది. ఆవిడ దాన్ని ముందుకు చాచింది.

సలోమత్ మళ్ళీ రెండు గుక్కలే పోసింది.